ఇంజను నూనె కారుతున్నపుడు: మరమ్మతుకు ముందు రోగనిర్ణయము

రోగికి మలము తారు వలె నల్లగా వస్తే, రక్తస్రావము పురీషనాళములో ఉందని వైద్యులు అనుకోరు. చాలా సందర్భములలో అది జీర్ణాశయములోనో, ఆంత్రమూలములోనో ఉన్న పుండు నుంచి వస్తుంది. కనిపించే చోటు వేరు, పుట్టిన చోటు వేరు. కారు ఇంజనులో నూనె కారుతున్నపుడు కూడా ఈ సూత్రమే వర్తిస్తుంది.

పదకొండేళ్ళ నా కారు క్రింద గత వర్షాకాలములో నూనె మరకలు కనిపించాయి. ఒక మరమ్మతు కేంద్రములో కారును పైకి లేపి చూసి, ఇంజను, గేరుబాక్సు కలిసే చోట తడి ఉంది కాబట్టి క్రాంకు వెనుక ఆయిల్ సీలు పోయిందన్నారు. గేరుబాక్సు దింపాలి, 28,000 రూపాయలు అవుతాయన్నారు. ఆ సీలు వెల స్వల్పమే. దానిని చేరుకోవడానికి పట్టే శ్రమకే అంత ఖర్చు. పింఛనుతో బ్రతికేవారికి అది చిన్న మొత్తము కాదు.

శస్త్రచికిత్సకు ముందు పరీక్షలు జరగాలి కదా! మా వీధి చివరి మెకానిక్కుతో ఇంజనును శుభ్రముగా కడిగించి, రెండు దినములు నడిపి మళ్ళీ చూడమన్నాను. కొత్త తడి ఇంజను పైభాగములో, టాపెట్ కవరు వెనుక మూలలో కనిపించింది. వేడికి గట్టిపడిన ప్యాకింగు సందు నుంచి నూనె వెనుకగా క్రిందికి జారుతోంది. ప్యాకింగు మార్చడానికి 2,400 రూపాయలు అయ్యాయి. పీసీవీ వాల్వును కూడా శుభ్రము చేయించాను. అది మసితో పూడుకుంటే ఇంజను లోపలి పీడనము పెరిగి, నూనెను సీళ్ళ నుంచి బయటికి నెడుతుంది.

ఒక్కొక్కప్పుడు వెనుక సీలే నిజముగా పోతుంది. అపుడు ఆ ఖర్చు తప్పదు. క్లచ్ ప్లేట్లు కూడా అరిగి ఉంటే అపుడే మార్పించుకోండి. గేరుబాక్సు రెండవసారి దింపే కూలి మిగులుతుంది.

మీ కారు క్రింద రాత్రి ఒక అట్టముక్క పరచి ఉంచండి. గోధుమ లేక నలుపు రంగు జిడ్డు ఇంజను నూనె కావచ్చు. రంగు లేని నీరు సాధారణముగా ఏసీ నుంచి వచ్చినది, దానికి భయపడనక్కరలేదు. వారానికొకసారి, చదునైన చోట, ఇంజను ఆపిన కొన్ని నిమిషముల తర్వాత గేజి కడ్డీతో నూనె మట్టము చూడండి. తగ్గితే పోయండి. కాని కారణము వెదకకుండా పోస్తూ పోవడము, రక్తస్రావమును వెదకకుండా ఇనుము మాత్రలు ఇవ్వడము వంటిదే. నడుపుతుండగా నూనె గుర్తు గల ఎర్రదీపము వెలిగితే సురక్షితమైన చోట వెంటనే ఆపి, ఇంజను కట్టేయండి. మాడు వాసన, పొగ వస్తే నూనె వేడి సైలెన్సరు గొట్టముపై పడుతోందేమో చూపించండి. దాని వలన మంటలు లేవవచ్చు.

వాడిన నూనెను చేతులకు అంటనీయకండి. 1775లో పెర్సివల్ పాట్ అనే ఆంగ్ల శస్త్రవైద్యుడు, పొగగొట్టములు తుడిచేవారికి మసి వలన చర్మపు పుట్టకురుపు వస్తుందని గుర్తించాడు. ఆ మసిలోని కర్కటజనక పదార్థముల వంటివే వాడిన ఇంజను నూనెలోనూ చేరుతాయి. ఏళ్ళ తరబడి చర్మానికి అంటితే ప్రమాదము. చేతితొడుగులు వేసుకోండి, అంటితే కిరోసిను, పెట్రోలు వాడక సబ్బుతో కడగండి. మీ కారు బాగుచేసే కుర్రవాడికి కూడా ఈ మాట చెప్పండి. మనకన్నా అతనికే దీని అవసరము ఎక్కువ.