గొంతు పోయిన నెల రోజులు

పాడేవాడికి గొంతు పోవడమంటే ఏమిటో తెలుసా మీకు? నాకు తెలుసు. నెల రోజులపాటు పలకమీద సుద్దముక్కతో "అమ్మా, మంచినీళ్లు" అని రాసి చూపించినవాణ్ణి నేను!

1980 నాటి మాట. అప్పుడు నాకు 22 ఏళ్లు. రాజమండ్రిలో ఓ ఆర్కెస్ట్రాలో పాడేవాణ్ణి. చవితి పందిళ్లు, దసరా పందిళ్లు, పెళ్లిళ్లు... ఆ ఏడాదే "శంకరాభరణం" వచ్చింది. ఇంకేముంది! ఏ ఊరు వెళ్లినా ఆ పాటలే కావాలనేవారు. బాలసుబ్రహ్మణ్యం గారు శాస్త్రీయ సంగీతం పద్ధతిగా నేర్చుకోలేదట అని ఎవరో అన్నారు. ఆహా, అయితే మనమూ పాడేయొచ్చు అనుకున్నాను. మహదేవన్ గారి సహాయకులు పుహళేంది గారు దగ్గరుండి నేర్పితే, ఆయన ఎంత కష్టపడి ఆ పాటలు పాడారో నాకేం తెలుసు అప్పుడు? జాతీయ అవార్డు ఊరికే వస్తుందా!

నాది ఒకటి శ్రుతి గొంతు. కానీ రికార్డులో ఎంత శ్రుతి ఉంటే అంతలోనే పాడాలని పంతం. అందకపోతే మెడ నరాలు బిగించి అరిచేవాణ్ణి. జనం ఈలలు వేసేవారు. విషాదగీతం వస్తే ఘంటసాల గారిలా గొంతు వణికించేవాణ్ణి. "జూనియర్ ఘంటసాల" అని మైకులో చెబితే పొంగిపోయేవాణ్ణి. నిజం చెప్పొద్దూ, ఆ పాటలో నాకు ఏ దుఃఖమూ లేదు. వణుకు మాత్రం ఉంది!

దసరాకి తొమ్మిది రాత్రులూ పాడాను. పదోనాడు పొద్దున్నే లేస్తే నోట్లోంచి గాలి తప్ప మాట రాలేదు. డాక్టరు గారు గొంతులోకి చిన్న అద్దం పెట్టి చూశారు. "స్వరతంతువుల మీద కాయలు కాశాయి. నెల రోజులు ఒక్క మాట కూడా మాట్లాడకు. గుసగుసలు అసలే వద్దు, వాటివల్ల ఇంకా చెడుతుంది. ఆ తర్వాత పాడగలవో లేదో అప్పుడు చూద్దాం" అన్నారు. ఇంట్లో సంపాదన నాదొక్కడిదే. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

నోరు మూతపడ్డాక చెవులు తెరుచుకున్నాయి. ఓ రోజు వసారాలో మా అమ్మ పక్కింటావిడతో చనిపోయిన మా మావయ్య గురించి చెబుతోంది. విన్నాను. ఆవిడ గొంతు పెరగలేదు, తగ్గింది. వణకలేదు. "ఆఖరికి" అని ఆగింది. ఊపిరి తీసుకుంది. "నన్నే అడిగాట్ట" అంది. అంతే. పక్కింటావిడ కళ్లొత్తుకుంది. నాకు ఒళ్లు జలదరించింది. దుఃఖమంతా ఆ ఆగడంలో ఉంది! నేనేమో ఇన్నాళ్లూ అక్కడ అరుస్తున్నాను.

నెల తిరిగాక గొంతు వచ్చింది, కొంచెం బొంగురుగా. మా హార్మోనియం మాస్టారి దగ్గరకెళ్లాను. ఆయన పాట పాడనివ్వలేదు. పొద్దున్నే మంద్రస్థాయిలో అకారం, అదీ పావుగంట. "గాలి పొట్టలోంచి రావాలి, మెడలోంచి కాదురా" అనేవారు. తర్వాత పాటని మాటల్లా చదవమన్నారు. ఎవరు ఎవరితో ఎందుకంటున్నారో చెప్పమన్నారు. అర్థం తెగనిచోట ఊపిరి తీసుకునేలా పెన్సిలుతో గీతలు పెట్టించారు. మాట మధ్యలో గాలి పీలిస్తే హార్మోనియం మూసేసేవారు!

ఓసారి పాడుతుంటే నాకే ఏడుపొచ్చి గొంతు పూడుకుపోయింది. గొప్పగా పాడాననుకున్నాను. "నువ్వేడిస్తే పాటెవడు పాడతాడు? కన్నీళ్లు వినేవాడికి రావాలి" అన్నారాయన.

ఆ మాటతో ఘంటసాల గారు అర్థమయ్యారు నాకు. విజయనగరంలో మధుకరం ఎత్తుకుని తింటూ పాఠం చెప్పించుకున్నారాయన. "దేవదాసు" (1953) పాటలు మళ్లీ విన్నాను. గుండె పగిలే పాటలోనూ ఒక్క అక్షరం నలగదు, శ్రుతి జారదు. నేను పైనున్న వణుకు చూశాను గాని, కిందున్న పునాది చూడలేదు. జానకి గారు పసిపిల్లలా పాడినా, ముసలమ్మలా పాడినా గొంతు మారుతుందే తప్ప శ్రుతి మారుతుందా?

మళ్లీ స్టేజీ ఎక్కినప్పుడు పాటని నా శ్రుతికి దించమన్నాను. ఆర్కెస్ట్రా కుర్రాళ్లు నవ్వారు. మైకుకి కాస్త దగ్గరగా నిలబడి, పక్కవాడితో చెబుతున్నట్టు పాడాను. ఈలలు లేవు. పాట అయ్యాక కూడా కాసేపు ఎవరూ కదల్లేదు. పాట నచ్చలేదేమో అని భయమేసింది. అప్పుడు మొదలయ్యాయి చప్పట్లు.

సినిమాలో పాడే అదృష్టం నాకు పట్టలేదు. పై స్థాయి మునుపటంత రాలేదు కూడా. ఇప్పుడు మా వసారాలో నలుగురు పిల్లలకు పాట చెబుతున్నాను. ఫోనులో కరావోకే పెట్టుకుని, రికార్డు శ్రుతిలోనే పాడతామని మెడలు బిగిస్తారు. వాళ్లలో నేనే కనిపిస్తాను. "శ్రుతి దించు నాన్నా, ముందు మాట చెప్పు" అంటాను.

మీలో పాడేవాళ్లుంటే మీకూ అదే మాట. ఇవాళ రాత్రి మీకిష్టమైన పాటని పాడకండి. ఎవరికైనా చెప్పండి. ఎక్కడ ఆగారో గుర్తుపెట్టుకోండి. రేపు అక్కణ్ణించి పాడండి.