వార్విక్ సంతలో తోటకూర

మీరు డర్బన్ వాళ్లై ఉండి, మీ మనవలను ఒక్కసారి కూడా వార్విక్‌లోని ఎర్లీ మార్నింగ్ మార్కెట్‌కు తీసుకెళ్లి ఉండకపోతే, వచ్చే మార్చిలో ఒక ఉదయం తీసుకెళ్లండి. అది బెరియా రైలు స్టేషన్ దగ్గరే. చాట్స్‌వర్త్ నుంచైనా ఫీనిక్స్ నుంచైనా టాక్సీలు ఆ వైపుకే వస్తాయి. ఏడింటికల్లా చేరండి. సంత తెల్లవారకముందే మొదలవుతుంది. పది దాటితే మంచి ఆకు మిగలదు, ఎండ ముదురుతుంది, పిల్లలు విసుక్కుంటారు. కారు ఎక్కడ పెట్టాలో మాత్రం నన్ను అడగకండి, నేను బడి బస్సులో వెళ్తాను.

నేను రెండో తరగతి టీచర్ని. పిల్లలంతా ఏడెనిమిదేళ్లవాళ్లు. అందులో మన తెలుగు ఇళ్ల పిల్లలు ఇద్దరో ముగ్గురో ఉంటారు. మిగిలినవాళ్లలో తమిళులు, హిందీవాళ్లు, సగం మంది జూలూ పిల్లలు. వాళ్ల టిఫిన్ డబ్బాల్లో రోజూ నేను చూసేది చిప్స్ పొట్లం, తెల్ల రొట్టెల మధ్య పోలోనీ, ఒక రంగునీళ్ల సీసా. బన్నీ చౌ మీద నాకేమీ కోపం లేదు, అది మన ఊరి తిండి, నేనూ తింటాను. కానీ ఏడేళ్ల పిల్ల వంకాయను చూసి ‘ఇది పండా?’ అని అడిగితే భయం వేస్తుంది. 2018లో ప్రభుత్వం తీపి పానీయాల మీద పన్ను వేసింది. మంచిదే. కానీ పన్ను వేస్తే పిల్లవాడికి సొరకాయ రుచి తెలియదు కదా. మన ఇళ్లలో చక్కెర జబ్బు ఎంత ఉందో నేను చెప్పనక్కర్లేదు, మీ ఇంట్లో మీరే లెక్కపెట్టుకోండి. మా ఇంట్లో మా అమ్మ, ఇద్దరు మేనమామలు, ఇప్పుడు నేను.

పిల్లలకు బస్సులోనే కొంచెం చరిత్ర చెబుతాను. 1860 నవంబర్ 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి మన రేవుకు వచ్చింది. 1911 వరకు అలా ఓడల్లో వచ్చినవాళ్లు లక్షా యాభై వేలకు పైనే. విశాఖపట్నం, గంజాం, గోదావరి జిల్లాల నుంచి వచ్చిన మన పెద్దలూ వాళ్లలో ఉన్నారు. చెరకు తోటల్లో దొరలు కొలిచి ఇచ్చింది బియ్యమో మొక్కజొన్న పిండో, పప్పు, ఉప్పు, కొంచెం నూనె, ఎండు చేప. కూర అన్న మాట ఆ కొలతలో లేదు. తమ గుడిసె పక్కన నాలుగు గింజలు చల్లుకున్నవాళ్లకే పచ్చటి ఆకు దొరికేది. అయిదేళ్ల ఒప్పందం తీరాక చాలామంది పట్టిన పని అదే. ఉమ్గేని నది ఒడ్డున, క్లెయిర్‌వుడ్ వైపు చిన్న మళ్లు కౌలుకు తీసుకుని కూరగాయలు పండించారు. ఆడవాళ్లు బుట్టలు తలకెత్తుకుని ఇల్లిల్లూ తిరిగి అమ్మారు. ఈ సంత 1910 నాటిది. 2009లో, ప్రపంచ కప్ ఫుట్‌బాల్‌కు ముందు, దీన్ని తీసేసి మాల్ కడతామన్నారు. అమ్మేవాళ్లు, బండ్లు తోసేవాళ్లు, వీధిలో కూర్చునేవాళ్లు అందరూ కలిసి ఎదురు నిలిచారు, కోర్టుకూ వెళ్లారు. మాల్ రాలేదు.

ఇంత చెప్పేసరికి బస్సులో సగం మంది కిటికీలోంచి చూస్తుంటారు. పరవాలేదు.

లోపలికి వెళ్లాక పాఠం చెప్పను. ఇద్దరిద్దరికి కలిపి ఇరవై రాండ్లు ఇస్తాను. షరతులు రెండే. తమకు పేరు తెలియని వస్తువు కొనాలి. అమ్మే ఆంటీని, గోగోను పలకరించి, ‘ఇది ఎలా వండాలి?’ అని అడిగి రావాలి. మీరూ ఇలాగే చేసి చూడండి. మనం చూపించి ‘ఇది తిను, బలం’ అంటే వాళ్లు మొహం తిప్పుకుంటారు. తమ డబ్బుతో, తమ నోటితో అడిగి తెచ్చుకున్న వస్తువును మాత్రం ఎవరినీ ముట్టుకోనివ్వరు! బస్సులో ఒక అబ్బాయి కాకరకాయను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు, మొసలి పిల్లట.

ఈ సంవత్సరం ఒక జూలూ పాప ఆకుకూర వరుస దగ్గర ఆగిపోయింది. మనం డర్బన్‌లో ‘హెర్బ్స్’ అని అడిగి కొనే ఆకు అది. మా అవ్వ కూడా ఆ మాటే అనేది. దాని పేరు తోటకూర అని నాకు గుడిలో శనివారం తరగతిలోనే తెలిసింది, అప్పటికి నాకు పన్నెండేళ్లు. పాప మాత్రం చూడగానే ‘ఇంబుయా!’ అంది. వాళ్ల అమ్మమ్మ ఊళ్లో అది పొలం గట్టున దానంతటదే మొలుస్తుందట, వానలు పడగానే కోసుకొస్తారట. పక్కనున్న తెలుగు అబ్బాయికి ఏ పేరూ తెలియదు. ఆ పాపే వాడికి నేర్పింది. పెద్ద ఆకులు తుంచాలి, పురుగు తిన్నదైనా మంచిదే, పురుగుకు రుచి తెలుసు అని. చేమదుంపల దగ్గర మళ్లీ అదే. వాళ్లు ‘అమదుంబే’ అంటారు. దుంప, దుంబే అని పిల్లలు పాటలా అందుకున్నారు. అందులో చరిత్ర ఉందని నేను అనను, కానీ ఆ రెండు మాటలూ ఇక వాళ్లు మరచిపోరు.

బడికి వచ్చాక వండుతాం. ఎవరికి ఏది పడదో తల్లులను ముందే అడిగి రాసుకుంటాను. పిల్లలు ఆకు తుంచుతారు, కడుగుతారు, పొయ్యి దగ్గర నేను ఉంటాను. ఉల్లిపాయ, రెండు ఎండుమిరపకాయలు, వెల్లుల్లి, అంతే. తినమని బలవంతం లేదు. నాలుక మీద పెట్టుకోవాలి, నచ్చకపోతే కాగితంలో ఉమ్మేయవచ్చు. ఉమ్మేయవచ్చని తెలిస్తే ధైర్యం వస్తుంది. కొత్త రుచి ఒక్కసారికి అలవాటు కాదు. ఎనిమిది, పది సార్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. మూడోసారికే ‘మా వాడు తినడు’ అని చేతులెత్తేసే తల్లులను చాలామందిని చూశాను. మనకు పెరటాసి నెల ఉంది కదా. నెలంతా మాంసం మానేసి, గుడిలో అరటాకు మీద గుమ్మడికాయ, చిక్కుడు వడ్డిస్తాం. అప్పుడు పిల్లలకు విడిగా చికెన్ నగెట్స్ వేయించి పెట్టే ఇళ్లు కూడా నాకు తెలుసు. ఆ నెల ఎందుకు పోగొట్టుకుంటారు?

నేను ఎప్పుడూ ఆకు కొనే ఆంటీకి డెబ్బై దాటింది. ఆ బల్ల వాళ్ల అత్తగారిది, అంతకుముందు ఆమె అత్తగారిది. కొడుకు జోహన్నెస్‌బర్గ్‌లో అకౌంటెంట్. మోకాళ్లు ఇంకో ఏడాది ఆగితే చాలు అంటుంది. ఆమె తరువాత ఆ బల్ల ఎవరు తీసుకుంటారో ఆమెకూ తెలియదు. ఇటు పక్క రెండు బల్లలు ఇప్పటికే ఖాళీ. కొనేవాళ్లు తగ్గారనేదే ఆమె బాధ, వయసు కాదు. పిల్లలు వచ్చిన రోజున ప్రతి జంటకూ కొసరుగా నాలుగు కొత్తిమీర కాడలు పెట్టింది, డబ్బు తీసుకోలేదు.

ఆ సాయంత్రం ఆ తెలుగు అబ్బాయి వాళ్ల అమ్మ ఫోన్ చేసింది. వాడు మిగిలిన కట్టను ఇంటికి పట్టుకెళ్లి, ఇప్పుడే వండాలని పట్టుబట్టాడట. ‘టీచర్, ఈ కాడలు పడేయాలా?’ అని అడిగింది. వద్దండి, ముదురువి తీసేసి లేతవి సన్నగా తరిగి ఆకు కంటే ముందు వేయండి, అవి మగ్గాక ఆకు వేస్తే సరిపోతుంది అన్నాను.