వాన లేని వైపరు

నిరుడు మే నెలలో మామ కొన్న విదేశీ కంపెనీ కారులో కర్నూలు నుంచి కడపకు బయల్దేరాం. స్టీరింగు నా చేతిలో, పక్కన మామ. ఆళ్ళగడ్డలో టిఫినుకని కుడివైపు తిరగబోతూ, అలవాటు కొద్దీ స్టీరింగు పక్కనున్న కుడిచేతి మీట నొక్కాను. ఇండికేటరు వెలగలేదు, వైపరు లేచింది! దుమ్మునంతా అద్దానికి అలికేసింది.

"వాన యాడుందిరా అబ్బీ, వైపరు ఏస్తాండావు?" అని మామ నవ్వాడు.

ఆ నవ్వు ఆగకముందే, కుడి పక్కగా మమ్మల్ని దాటబోయిన మోటారు సైకిలు కీచుమంటూ మట్టిలోకి దిగింది. దాని మీద భార్యాభర్తలు, మధ్యన పసిబిడ్డ. దేవుడి దయవల్ల ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఆయన తిట్టిన తిట్లన్నీ న్యాయమైనవే.

తర్వాత ఆలోచిస్తే సంగతి బోధపడింది. బండ్లు రోడ్డుకు కుడివైపున నడిచే దేశాల్లో డ్రైవరు ఎడమ సీట్లో కూర్చుంటాడు. మధ్యనున్న గేరు కుడిచేతికి, ఇండికేటరు ఎడమచేతికి. మనకోసం స్టీరింగును ఇటు జరిపారు గానీ మీటను మార్చలేదు. మలుపులో గేరుకూ ఇండికేటరుకూ ఎడమచెయ్యే దిక్కు! బానెట్టు తెరిచే మీట కూడా మామ కాళ్ళ దగ్గరే ఉండిపోయింది.

ఎడమ స్టీరింగు బండికి సిగ్నలు పరికరం ఉండితీరాలని 1988 మోటారు వాహనాల చట్టం 120వ సెక్షను అంటుంది. సగం మార్చిన బండికి మాత్రం డ్రైవరే జాగ్రత్తపడాలి.

మిత్రులారా, కొత్త కారు ఎక్కితే, బండి కదలకముందే మీటలు రెండూ ఒకసారి ఆడించి చూసుకోండి. తప్పు కారుదే కావచ్చు, ఆ పసిబిడ్డకు తెలియదు గదా!