‘డిజైన్ ఫ్రీ’... ఎవరికి?

మీ ఇంట్లో ఈమధ్య జరిగిన శుభకార్యం ఒకటి గుర్తు తెచ్చుకోండి. పెళ్లో, గృహప్రవేశమో, ఓణీల ఫంక్షనో. శుభలేఖలు ఎక్కడ వేయించారో గుర్తుంటుంది. వందకి ఎంత తీసుకున్నారో గుర్తుంటుంది. కార్డులో పేరు పడలేదని ఏ బాబాయి అలిగాడో... అదైతే జన్మలో మరిచిపోరు! మరి ఆ కార్డుని కంప్యూటర్ ముందు కూర్చుని తయారుచేసిన అబ్బాయి పేరేమిటి?

తెలీదు కదూ! అందులో మీ తప్పేం లేదు. ఆ పేరు కార్డు మీద ఉండదు, బిల్లు మీదా ఉండదు.

మా తమ్ముడు అలాంటి అబ్బాయే. విజయవాడలో ఓ ఫ్లెక్సీ షాపులో డిజైనరు. ఇంటరయ్యాక వాడు డీటీపీ నేర్చుకున్నాడు. నేను డిగ్రీ తరవాత జర్నలిజం డిప్లొమా చేసి పేపర్లో చేరాను. ‘ఇద్దరూ అక్షరాలు నమ్ముకునే బతుకుతున్నారు’ అని అమ్మ అందరికీ చెప్పుకుంటుంది. కానీ ఓ సంక్రాంతికి వాడన్న మాట నాకిప్పటికీ గుర్తే. ‘నువ్వు రాస్తే కింద నీ పేరేస్తారక్కా. నేను ఇరవై అడుగుల ఎత్తున రాస్తాను. కింద షాపు ఫోన్ నంబరు ఉంటుంది. అంతే!’

నిషేధంతో మొదలైంది

2022 ఆగస్టు 26న విశాఖపట్నంలో అప్పటి ముఖ్యమంత్రి జగన్మోహన్ రెడ్డి రాష్ట్రంలో ప్లాస్టిక్ ఫ్లెక్సీలను నిషేధిస్తున్నట్టు ప్రకటించారు. మొదట నవంబరు 1 నుంచి అన్నారు. తరవాత ఆ గడువుని 2023 జనవరి 26కి మార్చారు. పర్యావరణం వైపు నుంచి చూస్తే కాదనలేని మాటే. ఫ్లెక్సీ అంటే పీవీసీ. మట్టిలో కలవదు, కాలిస్తే విషవాయువులు. కానీ దాని మీదే నెల జీతం ఆధారపడ్డ ఇంట్లో ఆ వార్త వేరేగా వినపడుతుంది. ఆ రాత్రి మా తమ్ముడు అన్నం సరిగ్గా తినలేదు.

ఆ వారమే నేను ఫ్లెక్సీ షాపుల మీద ఓ కథనం రాశాను. అది అచ్చయిన మర్నాడు తమ్ముడు ఫోన్ చేశాడు. ‘కలెక్టరుగారికి వినతిపత్రం ఇద్దామనుకుంటున్నామక్కా. అలాంటివి రాయడం మాలో ఎవరికీ రాదు. ఆదివారం ఓసారి వస్తావా?’ ఊరందరి పత్రాలూ తయారుచేసేవాళ్లకి సొంత పత్రం రాసుకోవడం రాదట! నవ్వుకుంటూనే వెళ్లాను. ఒక్క కాగితం రాసివ్వడానికని వెళ్లినదాన్ని ఇప్పటికీ వెళ్తూనే ఉన్నాను.

గవర్నరుపేటలో ఓ ప్రెస్సు మేడమీద, పేపరు కట్టల మధ్య ప్లాస్టిక్ కుర్చీలు వేసుకుని ముప్ఫైమంది దాకా కూర్చున్నారు. శుభలేఖలు చేసేవాళ్లు, పెళ్లి ఆల్బమ్‌లు చేసేవాళ్లు, పుస్తకాలకు పేజీలు పెట్టేవాళ్లు, ఇంట్లో కూర్చుని కంపెనీలకు లోగోలు గీసే కుర్రాళ్లు. అందరిలోకీ పెద్దాయన్ని ‘మేష్టారూ’ అంటారు. ఆయన ఒకప్పుడు గాంధీనగరంలో సినిమా బ్యానర్లు రాసేవారు. చిన్న ఫొటో మీద గళ్లు గీసి, అన్నే గళ్లు పెద్ద గుడ్డ మీదా గీసి, గడిగడికీ రంగు నింపుకుంటూ ముప్ఫై అడుగుల హీరోని నిలబెట్టే విద్య అది. మెషీన్ ప్రింటింగ్ వచ్చాక కుంచె పక్కన పెట్టి, నలభై దాటాక మౌస్ పట్టుకోవడం నేర్చుకున్నారట.

‘కుంచె పోయినప్పుడు ఎవడి గోడు వాడిదే అయిందమ్మా. ఈసారన్నా అందరం కలిసి ఏడుద్దామని వచ్చా’ అన్నారు. మేడంతా నవ్వింది. ఆ నవ్వులోంచే సంఘం పెట్టుకుందామన్న మాట పుట్టింది.

ఏడుగురుంటే చాలు

సంఘం పెట్టడం చాలామంది అనుకునేంత కష్టమేం కాదు. మన రాష్ట్రంలో 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏడుగురు కలిస్తే చాలు. ఆశయాలు రాసుకోవాలి, నియమావళి రాసుకోవాలి, లెక్కలు చూపించాలి. రాతపని కాబట్టి అదీ నాకే పడింది. నేను డిజైనర్ని కాదు గనక ఓటు లేదు. మినిట్సు పుస్తకం మాత్రం నా చేతికిచ్చారు.

అసలు గొడవ పేరు దగ్గరొచ్చింది. ‘డీటీపీ ఆపరేటర్లు’ అనాలా, ‘గ్రాఫిక్ డిజైనర్లు’ అనాలా? రెండు ఆదివారాలు దీనికే సరిపోయాయి. దేశస్థాయిలో 2010 నుంచీ అసోసియేషన్ ఆఫ్ డిజైనర్స్ ఆఫ్ ఇండియా ఉంది. మన దగ్గరా 2015లో డిజైన్ చదువుల కోసం ఎన్ఐడీ ఆంధ్రప్రదేశ్ మొదలైంది. అలాంటిచోట చదివొచ్చినవాళ్లని డిజైనర్లంటారు. మనవాళ్లని మాత్రం ‘కంప్యూటర్ అబ్బాయ్’ అంటారు. ‘మనకి మనమే డిజైనర్లమని చెప్పుకుంటే నవ్వరూ?’ అన్నాడొకాయన. మేష్టారు ఒక్క ముక్కలో తేల్చేశారు. ‘ఆపరేటరంటే మెషీన్ నడిపేవాడు. ఏ అక్షరం ఎక్కడుండాలో మెషీన్ చెబుతోందా, మీరు చెబుతున్నారా?’ సంఘం పేరులోకి ‘డిజైనర్లు’ వచ్చింది అలా.

నియమావళిలో ఇంకో మాట కూడా గట్టిగా రాయించారు. ఏ పార్టీకీ అనుబంధం ఉండకూడదని. ‘ఒకే రాత్రి ఒకే కంప్యూటర్లో మూడు పార్టీల నాయకుల పుట్టినరోజు ఫ్లెక్సీలు చేస్తాం. మాకు పార్టీ ఏంటక్కా?’ అన్నాడు ఓ కుర్రాడు.

తలకాయలు అతికించేదెవరు?

వినతిపత్రం ఇచ్చేశాం. గడువు మారింది. గుడ్డ మీద ప్రింటింగుకి ఏ షాపుకి ఆ షాపు దారులు వెతుక్కుంది. ఇక సంఘంతో పనేముంది అని కొందరు రావడం మానేశారు. నిజానికి అప్పుడే అసలు కథ మొదలైంది.

ఫ్లెక్సీ షాపు లెక్క చాలామందికి తెలిసిందే. చదరపు అడుగుకి ఇంత. పది అడుగుల పొడవు, ఆరు అడుగుల ఎత్తంటే అరవై చదరపు అడుగులు. అరవైతో హెచ్చవేస్తే బిల్లు. డిజైన్? ‘ఫ్రీ అండీ!’ షాపు బయట బోర్డు మీదే రాసి ఉంటుంది. మెషీన్ ఆ బ్యానర్ని కొద్ది నిమిషాల్లో ముద్రిస్తుంది. దాని డిజైన్‌కి పట్టేది రెండు మూడు గంటలు. నాయకుడి పుట్టినరోజైతే ముప్ఫైమంది ఫొటోలు. ఒక్కో ఫొటోలో వెనకున్న గోడలూ చెట్లూ తీసేసి, తల మాత్రం కత్తిరించాలి. అందులోనూ ప్రొటోకాల్! ఎమ్మెల్యే తల కంటే కార్పొరేటర్ తల పెద్దదైతే రాత్రి పన్నెండింటికి ఫోన్లొస్తాయి. ముద్రించినదానికి డబ్బిస్తారు. ఆలోచించినదానికి, ఓపిక పట్టినదానికి ఇవ్వరు.

రేట్ల పట్టిక వేసి అందరం కట్టుబడదాం అన్నారు కొందరు. వినడానికి బాగానే ఉంది. సంఘానికి లెక్కలు చూసే ఆడిటరుగారు వద్దని వారించారు. వ్యాపారుల సంఘం కూడబలుక్కుని ధర నిర్ణయించడం 2002 నాటి కాంపిటీషన్ చట్టం ఒప్పుకోదట. మరేం చేయాలి? మూడు నెలల ఆదివారాలు తర్జనభర్జన. షాపు ఓనర్లూ సభ్యులే, వాళ్ల దగ్గర జీతానికి చేసేవాళ్లూ సభ్యులే మరి! ‘నేను డబ్బులడిగితే పక్క షాపువాడు ఫ్రీ అంటాడు’ అన్న ఓనరు మాటలోనూ అబద్ధం లేదు.

చివరికి ఒప్పుకున్నది చిన్న విషయం. ఎంత తీసుకోవాలన్నది ఎవరిష్టం వాళ్లది. కానీ బిల్లులో ‘డిజైన్’ అని విడిగా ఒక వరస ఉండాలి. దాని పక్కన చేసినవాళ్ల పేరు. వద్దనుకుంటే ఎదురుగా సున్నా వేసుకోవచ్చు. ఆ పని ఒకటి జరిగిందని కాగితం మీదికి రావడం ముఖ్యం.

ఇంత చిన్నదానికా ఇన్ని ఆదివారాలు అనిపిస్తుంది. కానీ మా తమ్ముడు తన పేరున్న మొదటి బిల్లుని ఫొటో తీసి నాకు పంపాడు. కింద ఒక్క మాటా రాయలేదు. నేను మాత్రం దాన్ని అమ్మకి చూపించాను. ఆవిడ కళ్లజోడు తెచ్చుకుని మరీ చదివింది.

మౌస్ అందుకున్న చెయ్యి

సంఘం ఎందుకో నాకు పూర్తిగా తెలిసింది మాత్రం ఓ రాత్రివేళ. మా సభ్యుడొకతని తండ్రి పోయారు. తెల్లారేసరికి వీధి మొదట్లో శ్రద్ధాంజలి బ్యానరు కట్టాలి. పదేళ్లుగా ఊళ్లో ఎందరి తండ్రులకో ఆ బ్యానర్లు చేసిన మనిషి. అలవాటుకొద్దీ తనే షాపు తాళం తీసుకుని వెళ్లి కూర్చున్నాడు. తండ్రి ఫొటో తెర మీద పెట్టుకుని, వెనకున్న కిటికీని చెరపడం మొదలుపెట్టాడట. చెవి దగ్గరికొచ్చేసరికి చెయ్యి కదల్లేదు.

సంఘం గ్రూపులో వార్త చూసి నలుగురు ఇంటికి వెళ్తే అక్కడ అతను లేడు. షాపుకి పరిగెత్తారు. అందులో ఒకాయన ఎదురుగా ఉన్న పోటీ షాపు యజమాని. చదరపు అడుగు దగ్గర రూపాయి తేడా కోసం ఇద్దరూ ఏడాదిపాటు మాట్లాడుకోలేదు. ఆయనే కుర్చీ పక్కకి లాగి, ‘లే తమ్ముడూ, నేను చేస్తా’ అని మౌస్ అందుకున్నారట. ఇది నాకు మా తమ్ముడు చెప్పాడు. మినిట్సు పుస్తకంలో దీనికి చోటు లేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ఆదివారం బడి

ఇప్పుడు నెలకో ఆదివారం పాఠాలు జరుగుతున్నాయి. చెప్పేదీ వాళ్లే, వినేదీ వాళ్లే. ఇన్నేళ్లూ అలవాటైన అను ఫాంట్లలో తెలుగు అక్షరాలు ఇంగ్లిషు అక్షరాల స్థానాల్లో కూర్చుని ఉంటాయి. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో ఫైలు తెరిస్తే అన్నీ పిచ్చిగీతలే. యూనికోడ్‌లో ప్రతి అక్షరానికీ సొంత సంఖ్య ఉంది. 1991లో వచ్చిన మొదటి రూపంలోనే తెలుగుకి చోటు దక్కింది. అయినా ఫ్లెక్సీ షాపుల్లో చాలామంది అటు వెళ్లలేదు. కారణం, అందమైన ఫాంట్లు లేవని. సిలికానాంధ్ర ఉచితంగా అందుబాటులోకి తెచ్చిన రామభద్ర, ధూర్జటి, మల్లన్న, సూరన్న లాంటి ఫాంట్లు చూపించాక కుర్రాళ్లలో ఉత్సాహం వచ్చింది.

ఆ పాఠాల్లో నేనూ బోలెడు నేర్చుకున్నాను. ఇంగ్లిషు వరసల మధ్య ఉంచే ఎడం తెలుగుకి చాలదు. పై వరసలోని వత్తులు కిందికి దిగుతాయి, కింది వరసలోని గుడులు పైకి లేస్తాయి. మధ్యలో ఢీ! డిప్లొమాలో పేజీ లేఅవుట్ చదివినా ఈ సంగతి నాకెవరూ ఇంత విడమరిచి చెప్పలేదు.

మేష్టారి పాఠమైతే కథే. బాపు (1933-2014) అక్షరాల్లో ఒంపు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో సుద్దముక్కతో గీసి చూపిస్తారు. పాలకొల్లు నుంచి వెళ్లి, బాపు తీసిన ‘సాక్షి’ (1967)తో పోస్టర్లు మొదలుపెట్టి వందల సినిమాలకి పనిచేసిన ఈశ్వర్ గురించి చెబుతారు. ఈశ్వర్ 2021లో కన్నుమూశారు. ‘ఆయన పోస్టరు మీద ఆయన పేరుండేదిరా! అడిగి వేయించుకున్నాడో, వాళ్లే వేశారో గానీ, ఉండేది’ అని ఆ మాట దగ్గర కాసేపు ఆగుతారు.

నా వంతుగా ఒక్క పేజీ జాబితా రాసిచ్చాను. ఫ్లెక్సీల మీద తరచూ తప్పుపోయే మాటలు. శ్రద్ధాంజలిలో ద కింద ధ వత్తు. హార్దికలో ద, థ కాదు. విద్యార్థిలో థ, ధ కాదు. ఆహ్వానంలో దీర్ఘం మింగేయకూడదు. ఆ కాగితం ఇప్పుడు చాలా షాపుల్లో మానిటర్ పక్కన అంటించి ఉంది. నేను రాసినవాటిలో ఎక్కువమంది రోజూ చదివేది అదేనేమో!

సమస్యలన్నీ తీరాయని చెప్పను. బిల్లులో డిజైన్ వరస రాసేవాళ్లు సగంమందే. ఇప్పుడు కృత్రిమ మేధతో ఫోన్లోనే బొమ్మ చేయించుకొచ్చి, ‘దీన్ని ప్రింట్ తీసివ్వు చాలు’ అనేవాళ్లొస్తున్నారు. ఆ బొమ్మల్లో తెలుగు వత్తులు చెదిరిపోయి ఉంటే మళ్లీ సరిచేసేది మనవాళ్లే. అదీ ఫ్రీగానే! ‘మరో కుంచె పోతోందా మేష్టారూ?’ అని మా తమ్ముడే అడిగాడు మొన్న. ‘పోతే పోనీ. ఈసారి ఎవరికి ఫోన్ చేయాలో తెలుసుగా’ అన్నారాయన.

మీకు మాత్రం ఓ నాలుగు మనవులు. కార్డు వేయించడానికి వెళ్లేటప్పుడు మ్యాటర్ పేర్లతో సహా శుభ్రంగా రాసుకెళ్లండి. ప్రూఫ్ ఇంటికి తెచ్చుకుని ఇద్దరి చేత చదివించండి. రాత్రి పదకొండు దాటాక ‘చిన్న మార్పే’ అని ఫోన్ చేయకండి. బిల్లులో డిజైన్ అని విడిగా కనపడితే అది కొత్తగా మోపిన భారం అనుకోకండి. ఆ పని ఎప్పుడూ ఉంది. ఇన్నాళ్లకి కనపడింది.

ఈ ఆదివారం సమావేశం పదకొండింటికి. ఎజెండాలో మొదటి అంశం సభ్యత్వ రుసుం బకాయిలు. మినిట్సు పుస్తకం నా దగ్గరే ఉంది, నేను వెళ్లాలి.