రంగు కింద తుప్పు

1964లో ప్రధానమంత్రి లాల్ బహదూర్ శాస్త్రి కుటుంబం ఒక ఫియట్ కారు కొనాలనుకుంది. ధర 12,000 రూపాయలు. చేతిలో ఉన్నది 7,000. మిగిలిన 5,000 పంజాబ్ నేషనల్ బ్యాంకులో అప్పు తీసుకున్నారు. 1966 జనవరిలో తాష్కెంట్‌లో ఆయన కన్నుమూసేనాటికి ఆ బాకీ తీరలేదు. లలితా శాస్త్రి తన పింఛను నుంచి దానిని తీర్చారు. ఆ కారు నేడు ఢిల్లీలోని శాస్త్రి స్మారకంలో భద్రంగా ఉంది.

ఆ ఫియట్ 1100 నమూనాయే బొంబాయి కుర్లాలోని ప్రీమియర్ ఆటోమొబైల్స్ కర్మాగారంలో తయారై, తరువాత ప్రీమియర్ పద్మిని అన్న పేరుతో దశాబ్దాల పాటు మధ్యతరగతిని మోసింది. ముంబయి టాక్సీగా దాని ప్రస్థానం 2023 అక్టోబరులో ముగిసింది. షెడ్లలో మిగిలిపోయిన బండ్లను ఇప్పుడు కొందరు యజమానులు మళ్లీ నిలబెడుతున్నారు. ఆ పనిని దగ్గరగా పరిశీలిస్తే, పాత వాహనాల గురించి ప్రభుత్వం రాసిన నియమం ఎక్కడ తడబడిందో కూడా అర్థమవుతుంది.

లారీకి ఉన్నట్టు ఈ కారుకు విడిగా చాసిస్ లేదు. నేల రేకు, తలుపుల కింద పొడవునా సాగే పెట్టె వంటి అంచులు, స్తంభాలు, పైకప్పు అన్నీ కలిసి ఒకే అస్థిపంజరం. కాబట్టి నేలకు తుప్పు పట్టిందంటే ఎముకే పుచ్చుతోందని అర్థం. వాననీరు తివాచీ కింద నిలిచి, బురద చక్రాల గూళ్లలో పేరుకొని, రేకును లోపలి నుంచి తినేస్తుంది. పైన రంగు మాత్రం మెరుస్తూనే ఉంటుంది.

అనుభవమున్న మేస్త్రి ముందుగా బండిని జాకీ మీద ఎత్తి తలుపు మూసి చూస్తాడు. తలుపు పట్టేస్తే బాడీ వంగుతున్నట్టే. కుళ్లిన రేకును కోసే ముందు తలుపు ఖాళీలకు అడ్డంగా ఇనుప కడ్డీలు వెల్డింగ్ చేస్తారు. లేకపోతే బాడీ కుంగి, కొత్త రేకు వంకరగానే అతుక్కుంటుంది.

సస్పెన్షన్ వంతు ఆ తర్వాతే. ముందు చక్రాలకు పైనొకటి, కిందొకటి ఆర్మ్‌లు, వాటికి తోడు కాయిల్ స్ప్రింగులు; వెనుక ఇరుసుకు కమాన్ పట్టీలు. ఒత్తిడిలో ఉన్న స్ప్రింగును పనిముట్టుతో అదిమిపట్టకుండా విప్పితే ప్రాణాలకే ముప్పు. ఎండిపోయిన రబ్బరు బుష్‌లు మార్చాక, బండి తన బరువు మీద నిలబడిన తర్వాతే నట్లను పూర్తిగా బిగించాలి. గాలిలో వేలాడుతుండగా బిగిస్తే, చక్రాలు నేల తాకగానే రబ్బరు మెలిపడి త్వరలోనే చిరుగుతుంది. ఇంత జాగ్రత్త తీసుకున్నా, స్ప్రింగు ఆనే చోట రేకు పుచ్చి ఉంటే అంతా వృథా.

2021 జులైలో కేంద్ర రవాణా మంత్రిత్వ శాఖ వింటేజ్ వాహనాలకు నియమాలు ప్రకటించింది. తొలి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటాలి. చాసిస్‌ను గాని, బాడీని గాని, ఇంజిన్‌ను గాని మార్చేంత భారీ మరమ్మతు జరిగి ఉండరాదు. కొత్తగా రిజిస్టర్ చేయించుకోవడానికి రుసుము 20,000 రూపాయలు. చరిత్రను అసలు రూపంలో కాపాడాలన్న ఉద్దేశం సరైనదే. అయితే కుళ్లిన నేలను కోసి, అదే ఆకారంలో, అదే మందంలో కొత్త రేకు అతికించడం మార్పా, మరమ్మతా? ఆ నిర్వచనం ఈ రెండింటి మధ్య గీత గీయదు. దానివల్ల తుప్పును నిజాయతీగా తొలగించిన యజమాని వెల్డింగ్ అతుకులకు సంజాయిషీ చెప్పుకోవలసి రావచ్చు. పుట్టీ పూసి రంగు వేయించినవాడి బండి అసలు రూపంగా చెల్లిపోవచ్చు.

దీనికి పరిష్కారం కష్టమేమీ కాదు. అసలు ఆకారాన్ని మార్చని మరమ్మతును నియమంలోనే స్పష్టంగా అనుమతించాలి. కోసినప్పుడు, అతికించినప్పుడు తీసిన ఫొటోలను దరఖాస్తుతో జత చేయించాలి. తనిఖీ అధికారి బండిని ఎత్తించి అడుగుభాగం చూడాలి. వ్యవస్థలను బాగుచేసే పని వచ్చినప్పుడల్లా పైపూతతో సరిపెట్టుకోవడం మన పాలనకు కొత్త కాదు. కానీ పాత కారు ఎవరి ముచ్చటైనా, అది తిరిగే రోడ్డు అందరిదీ. దాని అడుగున పుచ్చిన రేకు ఉందో, గట్టి అతుకు ఉందో తెలుసుకోవలసిన బాధ్యత ప్రభుత్వానిది.