దించిన తీగ

పులివెందుల పక్క తండాల నుంచి, జమ్మలమడుగు ఎరుకల ఇళ్ల నుంచి వచ్చి ప్రొద్దుటూరులో చదువుకున్నవాళ్లం మేము. రాక్ సంగీతం మా ఇళ్లలో పుట్టింది కాదు, సెల్‌ఫోన్లలో వచ్చింది. అందులో ఒక ఆల్బమ్ సంగతి మన పిల్లలకూ, పంతుళ్లకూ చెప్పాలి. అది బ్లాక్ సబ్బాత్ అనే ఇంగ్లండు బృందం 1971లో తెచ్చిన 'మాస్టర్ ఆఫ్ రియాలిటీ'.

ఆ బృందానిది బర్మింగ్‌హామ్, ఫ్యాక్టరీల ఊరు. నలుగురూ కష్టం చేసుకుని బతికే ఇళ్ల పిల్లలే. గిటారు వాయించే టోనీ అయోమికి పదిహేడేళ్లప్పుడు రేకుల ఫ్యాక్టరీ మిషన్‌లో కుడిచేతి రెండు వేళ్ల కొసలు తెగిపోయాయి. ఆయనది ఎడమచేతి వాటం. తీగలను అదిమి పట్టాల్సింది ఆ కుడిచేతి వేళ్లే. ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకున్నాడు, వాటి మీద తోలు అంటించుకున్నాడు. అయినా బిగుతు తీగ అదిమితే నొప్పే. అందుకని ఈ మూడో ఆల్బమ్‌లో కొన్ని పాటలకు తీగల బిగువు తగ్గించి, శ్రుతి మూడు అరస్వరాలు కిందికి దించాడు. 1970లో వచ్చిన ముందటి రెండు ఆల్బమ్‌ల కన్నా మోత బరువెక్కింది, చీకటి చిక్కబడింది. తర్వాత ఎన్నో హెవీ మెటల్ బృందాలు ఆ దారే పట్టాయి.

మనకిది కొత్త సంగతేమీ కాదు. పలకను మంట దగ్గర కాస్తే తోలు బిగిసి ఖంగుమంటుంది, చల్లబడితే గొంతు దిగుతుంది. తీగదీ అదే పద్ధతి.

వేళ్లు పోయి దిగులుపడిన ఆ కుర్రాడికి ఫ్యాక్టరీ పెద్ద ఒకాయన జాంగో రైన్‌హార్ట్ రికార్డు వినిపించాడు. 1928లో కాపురముండే బండికి నిప్పంటుకుని జాంగో ఎడమచేతి రెండు వేళ్లు పనికిరాకుండా పోయాయి. మిగిలిన వేళ్లతోనే ఐరోపా మెచ్చేలా వాయించాడు. ఆయన రోమా తెగవాడు. రోమాల పూర్వీకులు సుమారు వెయ్యేళ్ల కిందట మన దేశం నుంచి వెళ్లారని భాషా శాస్త్రజ్ఞులు చెబుతారు. వాళ్ల లెక్క వినండి: ఎఖ్, దుయ్, త్రిన్, ష్తార్, పాంజ్. మా సుగాలి తండాల్లో లెక్క: ఏక్, ది, తీన్, చార్, పాంచ్. వాళ్లనూ దొంగలన్నారు, ఊరవతలే ఉంచారు. 1911 నాటి నేరస్థ తెగల చట్టం ఇక్కడ మా ఎరుకల తాతలకు అంటించిందీ ఆ పేరే. చట్టం 1952లో పోయింది. ఆ చూపు పోవడానికి ఇంకా టైము పడుతోంది.

మా వాళ్ల చేతులూ మిషన్ల దగ్గరే ఉన్నాయి. నాపరాళ్లు కోసే చోట మాలో ఒకడికి చూపుడువేలు సగం పోయింది. యజమాని కట్టు కట్టించి ఇంటికి పంపాడు. అంతటితో సరి. వాడిప్పుడు పలక కొడితే దెబ్బ నిదానంగా పడుతుంది. పెళ్లిళ్లలో "జోరు లేదు" అంటారు. మాకైతే ఆ నిదానంలో వాడి ఏడాదంతా వినిపిస్తుంది.

మన పాటల్లోనూ దించిన శ్రుతి ఉంది. పుట్టిల్లు విడిచే సుగాలి పిల్ల ఏడుస్తూ పాడే ఢావ్లో ఉంది. ఎరుకల అవ్వ గొంతు తగ్గించి చెప్పే సోది ఉంది. లోకం ఏం చేసింది? 'సోది' అంటే పనికిమాలిన మాటని అర్థం మార్చేసింది. బడి స్టేజీ మీద అద్దాల పేటియా కట్టించి ఎగిరే పాటకు ఆడిస్తారు గానీ, ఢావ్లో పాడించరు. "పండగ పూట ఏడుపెందుకు" అంటారు. నొప్పికి తగ్గట్టు శ్రుతి దించుకోవడం ఏడుపు కాదు. నొప్పితోనే పని సాగించే తెలివి అది. ఆ తెలివి ఇంగ్లండు నుంచి వస్తే పెద్ద సంగీతమైంది. తండాలోనిది మాత్రం అవ్వలతోనే పోతోంది.

పిల్లలారా, మీ అవ్వ పాటను ఫోన్‌లో రికార్డు చేసుకోండి. అయ్యవార్లూ, ఈ ఆగస్టు 9 ఆదివాసీ దినోత్సవానికి ఒక అవ్వను బడికి పిలవండి. గొంతు పెంచమనొద్దు. మైకునే ఆమె దగ్గరికి జరపండి.