కంఠమునకు తగిన పాట

శ్రుతి తల్లి, లయ తండ్రి యని పెద్దలందురు. తల్లిని విడిచిన బిడ్డ గతి యేమగునో, శ్రుతిని విడిచిన పాట గతియు అదియే. ఈ మాటను మేము చిన్ననాడే వింటిమి గాని, దాని యర్థము మాకు మా కంఠము విరిగిన పిదపగాని బోధపడలేదు. మా యనుభవము మన పాఠశాల బాలబాలికలకును, వారి తల్లిదండ్రులకును కొంత ఉపకరింపవచ్చునను తలంపుతో దీనిని వ్రాయుచున్నాము.

మా పూర్వులు అనంతపురము సీమనుండి బెంగుళూరునకు వచ్చి స్థిరపడినవారు. మాకు ఇంట తెలుగు, వీథిలో కన్నడము, అంగడిలో ఎదుటివారికి ఏది వచ్చిన నది. తెలుగు అక్షరములు మాకు బడిలో వచ్చినవి. తెలుగు మాటలు మాత్రము చాలవరకు మా అవ్వ పాటలనుండి వచ్చినవి. ఆమె బడికి పోయి చదువుకొన్నది కాదు. అయినను లాలిపాటలు, మంగళహారతులు, దంపుళ్ళ పాటలు, రామదాసు కీర్తనలు ఆమెకు లెక్కకు మించి వచ్చుచుండెను. వానిలో కొన్నిటిని మేము నేటివరకు ఏ పుస్తకమునందును చూడలేదు.

ఎనిమిదవ తరగతి వరకు బడి ప్రార్థనయందు ముందు నిలిచి పాడినవారము మేమే. హార్మోనియము మెట్లలో మొదటి తెల్లమెట్టు ఒకటి శ్రుతి, అయిదవ తెల్లమెట్టు అయిదు శ్రుతి యని చెప్పుదురు గదా! మేము ఆడపిల్లలతోపాటు అయిదు శ్రుతిలో సునాయాసముగా పాడుచుంటిమి. పదమూడవ యేట, ఒక వార్షికోత్సవ సభలో, పల్లవి బాగుగనే సాగినది. చరణమున పాట పైకి ఎక్కుచోట మా గొంతు రెండుగా చీలి, సగము కీచుగను సగము బొంగురుగను పలికెను. సభ యంతయు నవ్వెను. మరునాడు ఒక పెద్దమనిషి మమ్ము పిలిచి, "నీవు వెనుక వరుసలో నిలిచి పెదవులు కదల్చుము, చాలును" అనిరి. వారి తలంపు చెడ్డది కాదు. కార్యక్రమము చెడకూడదనియే వారి చింత. కాని నాటినుండి మూడేండ్లు మేము ఎక్కడను పాడలేదు. ఇంట అవ్వ "ఒక్క పాట పాడరా, నాయనా" యని యడిగినను వినిపించుకొనక లేచిపోవుచుంటిమి.

మాకు జరిగినది వింత గాదని అప్పుడు చెప్పినవారు లేరు. బాలురకు సాధారణముగా పండ్రెండు మొదలు పదునైదేండ్ల మధ్య కంఠములోని స్వరపేటిక పెరుగును. అందలి నాదతంతువులు పొడవై మందమగును. పొడవును లావును గల తంత్రి మంద్రముగా మ్రోగునన్న సంగతి వీణను చూచిన వారెల్ల నెరుగుదురు. అట్లే బాలుని కంఠము ఇంచుమించు ఒక స్థాయి క్రిందికి దిగును. బాలికల కంఠమును మారును గాని, రెండు మూడు స్వరస్థానములకు మించి దిగదు. ఈ మార్పు కొందరికి కొన్ని నెలలలో, కొందరికి ఒకటి రెండేండ్లలో కుదుటపడును. ఇది వ్యాధి కాదు, గొంతు పోవుటయు కాదు.

పదునారవ యేట మా చెల్లెలిని బసవనగుడిలో నొక సంగీత పాఠమునకు తోడ్కొని పోవు పని మాపై పడినది. ఆ ఉపాధ్యాయిని వృద్ధురాలు. కన్నడము ఆమె మాతృభాష. తెలుగున నాలుగు మాటలు వరుసగా మాటలాడలేకున్నను, త్యాగరాజు కృతులను అర్థము చెప్పుచు పాడగలిగినది. ఒకనాడు వసారాలో కూర్చుండి, లోపల మ్రోగుచున్న తంబురతోపాటు మాకు తెలియకయే కూనిరాగము తీయుచుంటిమి. ఆమె విని, "మగూ, లోపలికి రా" యని పిలిచినది. "నా గొంతు పోయినదమ్మా" యంటిమి. "పోలేదు, ఇల్లు మారినది. నీవు పాత యింటి తలుపు తట్టుచున్నావు" అని యామె నవ్వినది. ఆ నవ్వు సభలోని నవ్వు వంటిది కాదు.

ఆమె మమ్ము పాడుమనలేదు. మొదట మా పేరు, వీథి పేరు చెప్పుమన్నది. ఒకటినుండి పది వరకు లెక్కించుమన్నది. మామూలు మాటలో కంఠము ఎచ్చట నిలుచునో హార్మోనియముపై గుర్తించినది. పిదప మెల్లగా క్రిందికి దిగుమని, గాలి చప్పుడు కలియక స్పష్టముగా పలికిన కడపటి స్వరమును మంద్రపంచమముగ తీసికొన్నది. దానిని బట్టి మా ఆధారషడ్జము ఒకటి శ్రుతి యని తేలినది. అటుపిమ్మట పైకి పోనిచ్చినది. తారషడ్జము నిబ్బరముగా పలికెను. తారగాంధారము చేరునప్పటికి మెడ నరములు ఉబ్బినవి. "అక్కడ ఆగుము. మెడ ఉబ్బిన చోట నీ పాట లేదు" అని యామె చెప్పినది.

అప్పటికి మా కంఠమునకు దక్కినది ఒకటిన్నర స్థాయి. తారపంచమము నందుకొను పెద్ద కృతులు మాకు కుదరవు. మేము చిన్నబోవుట చూచి, "మీ ఇంట పాడు పాట యేదైన పాడుము" అన్నది. మాకు నోటికి వచ్చినది అవ్వ లాలిపాట. రెండు పంక్తులు వినగానే ఆమె తంబుర నందుకొని, పంచమమునకు కూర్చిన తంత్రిని మధ్యమమునకు దించినది. "ఇది నవరోజు రాగము. దీనిని మధ్యమశ్రుతిలో పాడవలెను" అన్నది.

ఇందలి మర్మము తెలిసికొనదగినది. మన సంగీతమున తారస్థాయికి పోని రాగములు కొన్ని కలవు. నాదనామక్రియ నిషాదముతో, కురంజి ధైవతముతో, నవరోజు పంచమముతో ఆగిపోవును. ఇట్టివానిని పాడునపుడు మధ్యమమునే షడ్జముగ భావించి పాడుదురు. అప్పుడు పాట యంతయు కంఠమునకు సుఖమైన నడిమి భాగమున నిలుచును. నవరోజు మంద్రపంచమము మొదలు మధ్యపంచమము వరకే తిరుగును గనుక, ఆ లాలిపాట మా మొదటి షడ్జమునుండి తారషడ్జము వరకు సరిగా ఒక స్థాయిలో ఇమిడినది. మూడేండ్ల పిదప ఒక పాటను మొదటినుండి తుదివరకు గొంతు చీలకుండ పాడితిమి. మాకు తగిన పాట మా యింటనే, మేము లేచిపోయిన చాపమీదనే యుండినది.

ఆ సాయంకాలమే అవ్వ యొద్దకు పోయి కూర్చుంటిమి. కాని యప్పటికే ఆమెకు జ్ఞాపకము సన్నగిల్లినది. పల్లవి వచ్చిన చరణము రాదు. చరణము వచ్చిన వరుస కుదరదు. ఎన్నో పాటలలో రెండు మాత్రము పూర్తిగా వ్రాసికొనగలిగితిమి. తక్కినవి ఆమెతోనే పోయినవి. మూడేండ్ల మా మౌనమునకు చెల్లించిన వెల యది.

పిమ్మట చామరాజపేట ఫోర్ట్ హైస్కూలు మైదానమున శ్రీరామసేవామండలి వారి రామనవమి కచేరీలకు పోయినప్పుడు మేము పాటకంటె ముందు శ్రుతిని గమనింప నేర్చుకొంటిమి. పురుషులు సాధారణముగా ఒకటి రెండు శ్రుతుల నడుమ, స్త్రీలు నాలుగున్నర ఆరు శ్రుతుల నడుమ పాడుదురు. ఎంత విద్వాంసులైనను తమ శ్రుతికి తంబురను కూర్చుకొన్న పిదపనే నోరు తెరతురు. పొరుగువాని శ్రుతికై పట్టుపట్టరు. మైకులు లేని కాలమున గొంతు దూరము పోవలసియుండెను. మైసూరు చౌడయ్యగారు (1895–1967) తమ వాద్యపు నాదము సభ చివరివరకు వినబడుటకే ఏడు తంత్రుల వయొలిన్ కల్పించిరి. మైకు వచ్చిన పిదప మెత్తని మంద్రకంఠములకును తావు దొరికినది. కాకినాడలో పుట్టిన పి. బి. శ్రీనివాస్ గారు (1930–2013) అట్టి మృదుకంఠముతోనే కన్నడ చిత్రములలో రాజ్‌కుమార్ గారికి పాడి, ఈ నాటి ప్రజల మనసు చూరగొనిరి. వారు గొంతెత్తి అరచి పొందిన కీర్తి కాదది.

ఇక విద్యార్థులకు ఒక చిన్న పరీక్ష. మనకు దగ్గరనున్న మదనపల్లెలో 1919లో రవీంద్రనాథ ఠాకూరుగారు ఆంగ్లములోనికి అనువదించిన మన జాతీయగీతమునే తీసికొనుడు. తుదిని 'జయహే' అనుచోట స్వరము తారషడ్జమునకు పోవును. మొదట ఉత్సాహముతో పైశ్రుతిలో ఎత్తుకొన్నవారు అక్కడ అరవవలసివచ్చును. కావున ఏ పాటనైనను మొదటి పంక్తిని బట్టి గాక, అందలి మిక్కిలి పైస్వరమును, మిక్కిలి క్రిందిస్వరమును పలికి చూచి శ్రుతి నిర్ణయించుకొనుడు. రెండును సుఖముగా పలికిన పాట మీదే. పలుకనిచో శ్రుతి మార్చుడు. అప్పటికిని కుదరనిచో పాటను మార్చుడు. గొంతు మారుచున్న బాలురు ఒక స్థాయి క్రింద మెల్లగా పాడవచ్చును. ఆర్నెల్లకొకసారి శ్రుతిని మరల చూచుకొనవలెను.

తల్లిదండ్రులకు మా మనవి యొక్కటే. ఈ యూర మన పిల్లల నోట తెలుగు నిలుచుటకు పాఠ్యపుస్తకము చాలదు, పాట కావలెను. మీ పిల్లవాని గొంతు బొంగురుపోయిన నాడు నవ్వకుడు, మానుమనకుడు. ఇంటిలో పెద్దవారుండిన వారి యొద్ద కూర్చుండబెట్టుడు. వెనుక వరుసలో పెదవులు మాత్రము కదల్చు బాలుడు ఏ తరగతిలోనైన కనబడిన, వానికొఱకు శ్రుతి కొంచెము దించుడు.